‘లోఁబడితి’: ఒక క్రైస్తవకీర్తనమునఁ గర్తృత్వవిచారము

తెలుఁగు వాఙ్మయచరిత్రములందు క్రైస్తవుల కృషిని గూర్చి చెప్పవలసి వచ్చినపుడు నిఘంటువులు, వ్యాకరణములు, ముద్రణాలయములు, బైబిలు భాషాంతరీకరణములు లెక్కించుట పరిపాటి. దేవాలయములలో ప్రతివారమును పాడెడి కీర్తనలను సాహిత్యదృష్టితోఁ బరికించినవారు మిక్కిలి యరుదు. ఇవి మతప్రచారమునకై పుట్టినవి గాన రసవిచారమునకుఁ దగవని కొందఱును, భాష సంకరము గాన లక్షణవిచారమునకుఁ దగవని కొందఱును వానిని విడిచిరి. మొదటి హేతువు నిలువదు. రామదాసుకీర్తనలును, త్యాగరాజకృతులును భక్తికై పుట్టినవే గదా. రెండవ హేతువు నిలుచునో నిలువదో తెలియవలెనన్న నొక్క కీర్తనమునైనను బదపదముగాఁ జూడవలయును. అందులకై పురుషోత్తమచౌదరిగారి ‘త్రాహిమాం’ కీర్తన మిచటఁ గైకొనఁబడినది. విచార్యవిషయ మొక్కటియే: మనుష్యుఁడు పాపప్రేరణమునకు లొంగినపుడు ఆ క్రియకుఁ గర్త యెవఁడు? దానిని జయించినపుడు కర్త యెవఁడు? ఇది మతప్రశ్నమైనంతగా కారకప్రశ్నమును నగుచున్నది.

పల్నాటిసీమలో నిది వట్టి శాస్త్రచర్చ గాదు. గుంటూరునుండి వచ్చు నినుపదారి నడికుడికడ రెండుగాఁ జీలి, యొకటి గురజాల, రెంటచింతలల మీఁదుగా మాచర్లకును, రెండవది కృష్ణను దాఁటి సికిందరాబాదునకును బోవును. ఈ ప్రాంతమున క్రైస్తవమతమునకుఁ బెక్కుశాఖ లున్నవి. 1842లో గుంటూరు చేరిన లూథరను బోధకుఁడు ఫాదరు హయ్యరు 1849లో గురజాలకు వచ్చి పల్నాటఁ బనిచేసెను. రెంటచింతల కతోలికులకును, నరసరావుపేట బాప్టిస్టులకును నెలవులైనవి. శాఖలు వేఱైనను పాపము, శోధన, మారుమనస్సు అను మూఁడుమాటలు అందఱకును సమానములు. త్రాగుడు మానెదనని దేవాలయమున నొట్టుపెట్టుకొని సంతనాఁటికి మరల త్రాగినవాఁడు ‘సాతాను నన్నుఁ బడవేసెను’ అనును. వేఱొకఁడు చెడుతలఁపు మనసునఁ బొడమినంతనే ‘నేను పాపినైతిని, ఇఁక నడ్డుకొని ఫలమేమి?’ యని లొంగిపోవును. ఒకఁడు తన కర్తృత్వమును బొత్తిగా లేదనుచున్నాఁడు. రెండవవాఁడు తాను చేయని క్రియకుఁ గర్తృత్వమును నెత్తికెత్తుకొనుచున్నాఁడు. ఇరువురకును గలుగు హాని యొక్కటియే: పోరాటము నిలిచిపోవును. వీరిరువురకు నుపదేశకుఁ డే మాట చెప్పవలెనో యామాటయొక్క సాధుత్వము మీఁద వారి జీవితము కొంతవఱ కాధారపడియున్నది.

ఈ భేదమును తెలుఁగువారికిఁ జెప్పుటకుఁ జేసిన యత్నము చాలఁ బ్రాచీనము. బెంజమిను షుల్జుదొర తెనిఁగించిన లూథరు ప్రశ్నోత్తరి 1746 ప్రాంతమున జర్మనీదేశమందలి హాలే పట్టణమున అచ్చుపడినది. తెలుఁగులిపి ముద్రణమునకెక్కిన తొలి పుస్తకములలో నది యొకటి. ఆ ప్రశ్నోత్తరిని లూథరు 1529లో రచించెను. ప్రభువు నేర్పిన ప్రార్థనలోని శోధనవిషయకమగు నాఱవ మనవిని వివరించుచు నాతఁడు, దేవుఁ డెవనిని పాపమునకుఁ బ్రేరేపింపఁడనియు, పిశాచము, లోకము, తన శరీరము అను మూఁడును మనుష్యుని మోసపుచ్చకుండ రక్షణము కోరుటయే ఆ మనవికిఁ దాత్పర్యమనియుఁ జెప్పెను. పెద్ద ప్రశ్నోత్తరిలో నింకొకమెట్టు దిగి, శోధనము తన్నుఁ దాఁకుట వేఱు, దానికి సమ్మతించుట వేఱు అని విభజించెను. తాఁకుట అందఱకును దప్పదు. సమ్మతి యున్నప్పుడే యోటమి. హయ్యరు మొదలగువారు పల్నాటికిఁ దెచ్చిన లూథరనుబోధ కీ విభాగము మూలకందము. పై యుదాహరణములలోని రెండవవానికి వలసిన సమాధాన మిందే యున్నది. అయినను ప్రశ్నోత్తరి పాఠశాలలోఁ గంఠస్థము చేయుపుస్తకము. అది బుద్ధిని దిద్దును. ఆపదవేళ నోటికి వచ్చునది కీర్తనము. కాన కీర్తనమం దీ విభాగము నిలిచెనా యనునది ముఖ్యము.

కీర్తనమునకుఁ బోకముందు పరిభాషను నిర్ణయింపవలయును. పాపశబ్దమును ఉణాదికారులు రక్షణార్థకమగు ‘పా’ ధాతువునుండి సాధించిరి. దేనినుండి మనుష్యుఁడు తన్నుఁ గాపాడుకొనునో యది పాపమని వారి వ్యుత్పత్తి. ఆధునికభాషాశాస్త్రజ్ఞులు దీనిని ఒప్పకపోవచ్చును గాని, సంప్రదాయమున నా శబ్ద మెట్లు భావింపఁబడెనో తెలియుట కిది చాలును. గ్రీకుభాషలో పాపవాచకమైన పదమునకు గుఱి తప్పుట యని మూలార్థము. గుఱి తప్పినదానిని చెప్పు పదము జరిగిన చేష్టను చూపును. తన్నుఁ గాపాడుకొనవలసినదానిని చెప్పు పదము జరుగకముందే మెలఁకువను గోరును. తెలుఁగుక్రైస్తవునకుఁ దెలియకుండనే యీ రెండవ భావము వాని భాషయందు వచ్చి చేరినది.

శోధనపదము కథ మఱింత చిక్కు. శుద్ధియగుట యను నర్థముగల శుధ్ ధాతువునకుఁ బ్రేరణార్థకమగు ‘ణిచ్’ చేరి, యటుపై ‘ల్యుట్’ చేరఁగా శోధనమగును. శుద్ధముచేయుట యని యర్థము. స్వర్ణకారుఁడు మూసలోఁ బసిఁడిని గరఁగించుటయు, వైద్యుఁడు పాదరసమునందలి దోషములను బాపుటయు శోధనములే. వెదకుట, పరీక్షించుట యను నర్థములు తెలుఁగునఁ బిమ్మట బలపడినవి. గ్రీకు మూలమున ‘పెయిరాస్మోస్’ అను పదము పరీక్షకును, ప్రలోభమునకును సాధారణము. యాకోబుపత్రిక మొదటి యధ్యాయముననే తొలుత సహింపవలసిన పరీక్షగాను, పిదప దురాశనుండి పుట్టు ప్రలోభముగాను రెండువిధములను గానవచ్చును. భాషాంతరకర్తలు రెండింటికిని శోధననే నిలిపిరి. ఐనను వారికి భేదము తెలియకపోలేదు. ఆదికాండమున దేవుఁ డబ్రాహామును పరీక్షించుఘట్టమున ‘పరిశోధించు’ అని ఉపసర్గము చేర్చిరి; దేవుఁ డెవనిని బ్రలోభపెట్టఁడను యాకోబు వాక్యమున ఉపసర్గము లేని ‘శోధించు’ను వాడిరి. ‘పరి’ యను నొక్క యుపసర్గముచేత రెండుగ్రంథములకును విరోధము తొలఁగినది. పండితపరిషత్తులవారు నేఁడు పరిశోధన మని దేనినందురో యా పదమునకు బైబిలునం దీ పని కలదని పలువు రెఱుఁగరు.

ఈ పదమువలన లాభమెంతయో నష్టమును నంతయే. శోధనయందు నిప్పువేఁడిమి యున్నది గాని తేనెతీపి లేదు. పాపప్రేరణ మెప్పుడును దీపిగా వచ్చును. శోధనపదము దానిని బాధగాఁ జూపును. అందుచేతనే గ్రామములందలి క్రైస్తవులు రోగము, అప్పు, పంటనష్టము మొదలగువానిని శోధనలందురు. నోరూరించుదానిని శోధన యనుట తక్కువ. శత్రువు ఏ వేషమున వచ్చునో యా వేషమున వాని నెఱుఁగుట కీ పదము చాలదు. యాకోబుపత్రిక తెలుఁగున ‘మరులుకొల్పు’ అను దేశ్యపద మొకటి యీ లోపమును గొంత పూరించుచున్నది. గ్రీకున నచ్చట ఎరవేసి పట్టుట యను నర్థముగల క్రియ యున్నది. ఎరయు గాలమును తెలుఁగునఁ బోయినను, మరులను పదమున బుద్ధిభ్రంశమును, తీపియు రెండును వచ్చినవి. ఇది మంచి యనువాదము.

ఇంకఁ గర్తృత్వము. పాణినిమతమున క్రియయందు స్వతంత్రుఁడు కర్త. ఆ స్వతంత్రుని బ్రేరేపించువాఁడు హేతువనియుఁ గర్తయనియు రెండుసంజ్ఞలను బొందును. యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచే అన్నము వండించునపుడు ప్రేరేపించినవాఁడు యజ్ఞదత్తుఁడైనను, వండుటయందు దేవదత్తుని కర్తృత్వము పోదు. తృతీయావిభక్తి దానికి సాక్షి. ప్రేరకుఁ డున్నంతమాత్రమునఁ బ్రేరితుఁడు కొయ్యబొమ్మ గాఁడని తాత్పర్యము. కొయ్యబొమ్మను ఎవఁడును బ్రేరేపింపఁడు, దానిని ఆడించునంతే. కావున ‘సాతాను నన్నుఁ బ్రేరేపించెను’ అనువాఁడు తెలియకయే ‘నేను స్వతంత్రుఁడను’ అని యొప్పుకొనుచున్నాఁడు.

అయితే గమనార్థకములగు ధాతువులయందు వేఱువిధి కలదు. దేవదత్తుని గ్రామమునకుఁ బంపించుచో నాతఁడు ద్వితీయావిభక్తితోఁ గర్మసంజ్ఞను బొందును. అతని స్వాతంత్ర్య మర్థమున నున్నను మాటలో మఱుఁగుపడును. ప్రభుప్రార్థనలోని యాఱవ మనవియందు గ్రీకుక్రియకు లోనికిఁ గొనివచ్చు అని యర్థము. దానిని మక్కికి మక్కిగాఁ దెనిఁగించినచో మనుష్యులు ద్వితీయయందు మూటలవలె నుందురు, దేవుఁడే వారిని శోధనలోనికి మోసికొని వచ్చువాఁడుగాఁ దోఁచును. లూథరునకు వివరణము వ్రాయవలసి వచ్చిన దీ తోఁపును బాపుటకే. ఇది పాతచర్చయు గాదు. 2017 డిసెంబరునుండి ఫ్రెంచిభాషా కతోలికసంఘములు ఆ మనవిని, శోధనలోఁ బ్రవేశింపనీయకుము అను నర్థము వచ్చునట్లు మార్చుకొనెను. అదేమాసమున అప్పటి పోపు ఫ్రాన్సిస్ ఇటాలియను పాఠమును విమర్శింపఁగా 2019లో దానికిని మార్పు అంగీకృతమయ్యెను. గ్రీకుమూలమును విడిచిరని విద్వాంసులు కొంద ఱాక్షేపించిరి. ఆ యాక్షేపణము అక్షరమునకు న్యాయము. వైయాకరణుని కంటి కీ చర్చయందలి మర్మము వేఱుగాఁ గనఁబడును: ‘ప్రవేశింపనీయకుము’ అన్నప్పుడు ప్రవేశించు క్రియకు మనుష్యుఁడే కర్తగా మిగులుచున్నాఁడు. కొత్తపాఠము దేవుని గౌరవమును గాపాడుటకై చేయఁబడినదందురు. అది మనుష్యుని బాధ్యతను గూడఁ దిరిగి వాని భుజముమీఁదఁ బెట్టినది.

ఈ పరిభాషతోఁ గీర్తనమును సమీపింపవచ్చును. పురుషోత్తమచౌదరిగారు (1803–1890) పర్లాకిమిడిప్రాంతమున బ్రాహ్మణకుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, గంజాముసీమలోఁ బ్రచారకులుగాఁ దిరిగి, నూఱునకుఁ బైఁగాఁ గీర్తనలు రచించిరి. ‘ఆంధ్రక్రైస్తవకీర్తనలు’ అను సంపుటమువలన నవి తెలుఁగుదేశమంతట వ్యాపించినవి. లూథరనులు, బాప్టిస్టులు అను భేదములేక పాడుకొనఁబడుచున్నవి. ‘త్రాహిమాం’ కీర్తనము పశ్చాత్తాపప్రధానమైనది. పల్లవియందు క్రీస్తును రక్షింపుమని వేఁడి, యాయన పాదములే దిక్కుగాఁ జేరితినని విన్నవించి, మొదటి చరణమునఁ గర్మేంద్రియములు గవ్వకుఁ గొఱగానివని నిందించి, వానికి లోఁబడితినని యేడ్చును.

వైయాకరణులు మొట్టమొదట ‘త్రాహి’ రూపమునే తప్పుపట్టుదురు. పాలనార్థకమగు ‘త్రైఙ్’ ధాతువు ఆత్మనేపది. లోట్టున ‘త్రాయస్వ’ అనవలెను గాని ‘త్రాహి’ యనరాదు. ఆక్షేపణము శాస్త్రీయమే. కాని యా రూపము పురాణములయందును, స్తోత్రములయందును లెక్కలేనన్నిమారులు ప్రయుక్తమై యార్షమని చెల్లుచున్నది. ఆర్తుని నోట రెండక్షరములలో ముగియు హ్రస్వాంతమగు నా పిలుపు వచ్చినట్లు అయిదు హల్లుల ‘త్రాయస్వ’ రాదు. కవి స్తోత్రసంప్రదాయమును విడువక దానిలోనే క్రీస్తును బిలుచుచున్నాఁడు. మతము మాఱినను ఆర్తనాదభాష మాఱలేదు. ఇందుఁ గవికి లోపమును లేదు, సిగ్గును లేదు.

‘కర్మేంద్రియములు’ అనుట మఱింత గమనింపఁదగినది. వాక్కు, పాణులు, పాదములు మొదలగు నైదును గర్మేంద్రియములని సాంఖ్యులు; కన్ను, చెవి మొదలగునవి జ్ఞానేంద్రియములు. ప్రలోభము జ్ఞానేంద్రియద్వారమున లోపలికి వచ్చును. చూచుట, వినుట మనుష్యుని వశమున నంతగా లేవు. చేయి చాఁచుట, కాలు కదలించుట, నోరు తెఱచుట వశమునందున్నవి. కవి జ్ఞానేంద్రియములకు లోఁబడితినని యనక కర్మేంద్రియములకని చెప్పుటచేత శోధనము తాఁకుటకును, దానికి సమ్మతించుటకును మధ్యనున్న గట్టును సరిగాఁ జూపెను. లూథరు పెద్ద ప్రశ్నోత్తరిలోని విభాగము సాంఖ్యపరిభాషలో నిట్లు తెలుఁగుకీర్తనమునకు వచ్చినది.

ఇచట నొక యాక్షేపము. కొండమీఁది ప్రసంగమున మోహపుచూపే వ్యభిచారమని చెప్పఁబడినది. భగవద్గీత మూఁడవ యధ్యాయమునను గర్మేంద్రియములను బిగఁబట్టి మనసున విషయములను ధ్యానించువాఁడు మిథ్యాచారుఁడని నిందింపఁబడెను. అట్లగుచో పాపము కర్మేంద్రియములతో మొదలగుననుట యెట్లు? సమాధానము: గ్రీకుమూలమున నా చూపు మోహించు ప్రయోజనముతోఁ జూచుచూపని స్పష్టము. ప్రయోజన మున్నచోట సమ్మతి యున్నది. సమ్మతి యున్నచోట కర్తృత్వ మున్నది. గీత నిందించునదియు ధ్యానమునే, తలఁపు తటాలునఁ బొడముటను గాదు. కంటఁబడినది శోధనము, కన్ను నిలిపినది పాపము. కీర్తనమందలి కర్మేంద్రియశబ్దము స్వాధీనమగు వ్యాపారమున కుపలక్షణమని గ్రహించినచో విరోధము లేదు.

ఇపుడు ‘లోఁబడితి’. దీనియందలి ‘పడు’ ధాతువును గూర్చి భ్రమపడరాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమునఁ గర్మార్థమున ననుప్రయుక్తమగు ‘బడు’ వేఱు: చేయఁబడెను, కొట్టఁబడెను అనుచోటులందు క్రియను బొందినవాఁడు కర్మము. లోఁబడుటలో నట్లు గాదు. ఇక్కడ ‘లో’ యనునది యధికరణము, ‘పడు’ స్వతంత్రధాతువు, పడినవాఁడే కర్త. ఉత్తమపురుషైకవచనమున ‘లోఁబడితి’ యనఁగా ‘నేను’ కర్తనని యొప్పుకొనుట. యాకోబుపత్రిక గద్యానువాదమున దురాశచేత ఈడ్వఁబడి, మరులుకొల్పఁబడి, శోధింపఁబడువానిని జూతుము. మూఁడు కర్మణిప్రయోగములు వరుసగా వచ్చుటచేత మనుష్యుఁడు ఱాతిమీఁద నీడ్చిన త్రాడువలెఁ గనఁబడును. మూలమునను గర్మణియే గాన అనువాదకులను దప్పుపట్టరాదు. కాని తెలుఁగున సహజముగాఁ గర్మణి యరుదు గాన, గ్రీకున లేని యసహాయత తెలుఁగుచెవికి వినఁబడును. చౌదరిగారి యొక్క క్రియాపద మీ దోషమును దీర్చినది. ఈయెడఁ గీర్తనము గద్యముకంటె సూక్ష్మము.

మఱియొక విశేషము. ఇంద్రియములు కరణములు. క్రియాసిద్ధియందు మిక్కిలి సాధకమైనది కరణము. అది కర్త చేతిలో నుండవలెను. కత్తి చక్కఁగా నఱకుచున్నదని లోకమునఁ గరణమును గర్తగాఁ జెప్పుట కలదు. వైయాకరణులు దానిని వక్త వివక్ష యందురు. అది మాటయందే గాని నిజమునఁ గత్తి స్వతంత్రము గాదు. ‘నా చేయి చేసినది, నా నాలుక అన్నది’ యని మనుష్యుఁడు చెప్పుకొను సాకు ఇట్టి వివక్షయే. కవి యా సాకును జెప్పుకొనలేదు. ఇంద్రియములు తన్నుఁ బడఁద్రోసినవనక, గవ్వచేయని యా పనిముట్లకుఁ దానే లోఁబడితినని చెప్పెను. కర్త కరణమునకు లొంగుట కారకవ్యవస్థ తలక్రిందులగుట. ఇంతకంటె సంగ్రహముగాఁ బాపస్వరూపమును జెప్పుట దుర్లభము. దాసుఁడు ప్రభువై, ప్రభువు దాసుఁడగుటయందలి యవమానమే చరణమునందలి దైన్యమునకు విభావము.

పతనమున ‘నేను’ కర్త. రక్షణమున నెవరు? ‘మాం’ అను ద్వితీయ చెప్పుచున్నది. అచట ‘నేను’ కర్మము. త్రాణక్రియకు స్వతంత్రుఁడు క్రీస్తు. పడుటకుఁ గర్తనైన నేను లేచుటకుఁ గర్తను గానని కవి హృదయము. ఇంతటితో నిలిచినచో మనుష్యునకుఁ జేయవలసిన దేమియు లేకపోవును. అందుకే పల్లవియందు ‘చేరితి’ యను మఱియొక యుత్తమపురుష మున్నది. పడినవాఁడు తానే, చేరినవాఁడు తానే, రక్షించువాఁ డన్యుఁడు. మూఁడు పదములలో మూఁడు కారకసంబంధములు నిర్ణీతములైనవి. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పదవ యధ్యాయమున శోధనముతోఁ గూడఁ దప్పించుకొను దారిని దేవుఁడు కల్పించునని చెప్పుటయు నిట్టిదే; దారి కల్పించుట దేవునిది, దానివెంట నడచుట మనుష్యునిది.

పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక యేడవ యధ్యాయమును జూపి యీ సిద్ధాంతమును గొందఱు ప్రతిఘటింతురు. కోరిన మేలును జేయలేక, కోరని కీడును జేయుచుఁ, దీనికిఁ గర్త తాను గాక తనయందున్న పాపమేయని యతఁడు వాపోయెను గదా! గీతలో అర్జునుఁ డడిగిన ప్రశ్నమును నిదియే: ఇష్టములేకున్నను బలవంతముగాఁ ద్రోసినట్లు పురుషుఁ డెవనిచేఁ బాపమునకుఁ బంపఁబడుచున్నాఁడు? దుర్యోధనుని పేరఁ బ్రచారమునందున్న శ్లోకమున ధర్మమెఱిఁగియుఁ బ్రవృత్తి లేదనియు, హృదయమునందున్న దైవము నడిపినట్లు నడచుచున్నాననియుఁ గలదు. మూఁడుమాటలు నొక్కటివలె నున్నను ఫలమున భేదించును. దుర్యోధనుని మాట వాదమునకు ముగింపు. దానితో నాతని దోషము దైవముమీఁదికిఁ బోయినది. అర్జునుని ప్రశ్నమునకుఁ గామక్రోధములు శత్రువులని, వానిని జంపుమని యాజ్ఞ వచ్చినది. పౌలు వాక్యము రక్షకుఁ డెవఁడను నార్తిగా మాఱి, కృతజ్ఞతతో ముగిసినది. ఆతనిది సాకు గాదు, బందీ యొప్పుకోలు. సాకుచెప్పువాఁడు విముక్తి కోరఁడు, బందీ కోరును. కీర్తనము పౌలు బాటనే నడచినది.

పల్నాటివారికి శోధనపదమందలి ద్వైవిధ్య మొక యింటికథలోఁ దెలిసినదే. శ్రీనాథుని పేర వెలసి, అక్కిరాజు ఉమాకాంతముగారిచే ప్రకటితమైన పల్నాటివీరచరిత్రమున, యుద్ధమునకుఁ బోఁగోరు బాలచంద్రుని దల్లి యైతాంబ మాంచాలయొద్దకుఁ బంపును. కొడుకు భార్యాప్రేమకుఁ జిక్కి నిలుచునని తల్లి యాశ. మాంచాల భర్తను మోహమున బంధింపక, వీరధర్మమునకుఁ బురికొల్పి సాగనంపెను. ఏ గది ప్రలోభముగా నమర్పఁబడెనో యా గదియే పరీక్షయై యాతనిని శుద్ధునిఁ జేసెను. స్థల మొక్కటి, మనుష్యు లొక్కరే; సమ్మతియందే భేదము. పెయిరాస్మోస్ పదమున కిరువురు వ్యాఖ్యాతలు నూఱుపుటలలోఁ జెప్పునది యా ఘట్టమునఁ గలదు. ఆ కథయందలి విజయమునకు రక్తమే వెలయైనది. క్రైస్తవునిపోరు తనలోనిది, దాని కాయుధము వేఱు. ఉపమాన మంతవఱకే గ్రాహ్యము.

కడపట మారుమనస్సు. ప్రాచీనలేఖనమున శకటరేఫముతో ‘మాఱుమనస్సు’. ఇది దేశ్యమును దత్సమమును గూడిన మిశ్రసమాసము. మాఱు అనఁగా మార్పుచెందుట; మాఱుపేరు, మాఱువేషము అనుచో నన్యమనియు నర్థము. మార్పుచెందిన మనసు, వేఱొకమనసు అని రెండర్థములను గ్రీకు ‘మెతానోయియా’ శబ్దమునకుఁ దగియున్నవి. పశ్చాత్తాపము వేఱు: తరువాత కలుగు తాపము. గురువును బట్టియిచ్చిన యూదాకు మత్తయిసువార్త తెలుఁగునఁ బశ్చాత్తాపమే చెప్పఁబడినది, మారుమనస్సు చెప్పఁబడలేదు. మూలమునను వేఱు క్రియయే యున్నది. అతని తాపము నిజమైనది, వెండినాణెములను దిరిగి యిచ్చెను గూడ. కాని తాపము తనచుట్టును దిరిగి తన్నే కాల్చెను. బొంకిన పేతురును నేడ్చెను, తిరిగి చేరెను. ‘చేరితి’ యను క్రియ లేని తాపము రక్షింపదు.

నేఁటి పశ్చాత్తాపగీతములలోఁ బెక్కింట నీ భేదము మఱుఁగైనది. ఏడ్పు విస్తారము, ఒప్పుకోలు తక్కువ. శోధకుని వర్ణన మెక్కువ, ‘నేను’ కర్తగా నున్న క్రియలు తక్కువ. గొంతు గద్గదమగును గాని మనసు మాఱదు. అట్టివానితోఁ బోల్చినపుడు చౌదరిగారి కీర్తనమునకు లోపములు లేవని గాదు. శిష్టగ్రామ్యము లొకపాదముననే కలిసిపోవును. గానమునకై పదములు సాగఁదీయఁబడును. తత్సమదేశ్యముల యతుకులు కొన్నియెడలఁ గనఁబడును. కాని క్రియాపదములు తమ కర్తలను దప్పలేదు. భక్తికవిత్వమున నలంకారము తప్పినను క్షమింపవచ్చును, కర్త తప్పినఁ గూడదు.

వినుకొండలో జన్మించిన జాషువకవి క్రీస్తుచరిత్రమునకు 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారము వచ్చినపుడు, క్రైస్తవవస్తువు తెలుఁగుపద్యమునకుఁ దగునని పండితలోకము గుర్తించినది. అది నాయకుని చరిత్రము. భక్తుని యాత్మపరీక్ష యంతకు నూఱేండ్లకు ముందే కీర్తనలలో రూపొందినది. దానికి గుర్తింపు రావలసియున్నది. ఆ కీర్తనలను రాగతాళములతో, పాఠభేదములతో, కర్తృనిర్ణయముతోఁ బరిష్కరించి ప్రకటించుట సాహిత్యపరిషత్తులకుఁ దగిన కార్యము. పాఠశాలాపండితులు కర్తరి కర్మణి ప్రయోగములను బోధించునపుడు ‘చేయఁబడె’నునకును ‘లోఁబడితి’కిని గల భేదమును జూపుదురుగాక. సంతనుండి తిరిగివచ్చి తలవంచుకొనినవానికి ‘నీవు పడితివి’ అని చెప్పుట కాఠిన్యముగాఁ దోఁచును. పడినవాఁడు తానని యెఱిఁగినవాఁడే తాను లేచి చేరఁగలనని యెఱుఁగును. కావున నా మాటయందే వానికి దయ యున్నది.